ఫ్లెక్సీలో గ్రేస్

శుక్రవారం, రాత్రి

ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నా రూమ్మేట్ గ్రేస్ పొద్దున తిరిగి మనీలా విమానం ఎక్కేసింది. మొదట సీతాఫల్‌మండి సర్కారు బడిలో వాలంటీరుగా ఇంగ్లిష్ చెప్పేది. అక్కడి పిల్లలే తనకు తెలుగు నేర్పారు. ఆ హైదరాబాద్ యాసతోనే నా కడప మాటల్ని వెక్కిరించేది. తర్వాత చేరిన ప్రైవేటు స్కూలు మంచి జీతమిచ్చింది గానీ, పిల్లలతో తెలుగు ముక్క మాట్లాడొద్దంది. తన ఫొటోతో తార్నాక సిగ్నల్ దగ్గర ఫ్లెక్సీ మాత్రం కట్టింది.

"గాడ నేను అక్కని, గీడ ఫ్లెక్సీని," అనేది గ్రేస్.

సాయంత్రం క్యాంపస్ నుంచి వస్తూ ఆ ఫ్లెక్సీ కిందున్న చాయ్ బండి దగ్గర ఆగాను.

"నీ దోస్తు రాలేదేంది బిడ్డా?" అంది చాయ్ అమ్మే ఆవిడ.

"వెళ్లిపోయింది."

ఆవిడ పైకి చూపించి, "గీడనే ఉన్నది గదా!" అని నవ్వింది.

అలవాటుగా రెండు చాయ్‌లు పోసింది. వద్దనలేకపోయాను. రెండోది చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను.