చింతపండు డాలరు

గురువారం. కరెంటు ఇంకా రాలేదు.

రేవులో మూటలు మోసే రోజుల్లో తాతకు ఓడవాడెవడో ఇచ్చిన అమెరికా వెండి డాలరును ఈరోజు చిమిండైంగ్ బజారుకు పట్టుకెళ్లాను. అది అమ్మితే ఇన్వర్టరుకు బ్యాటరీ కొనొచ్చు, అమ్మ తలమీద ఫ్యానైనా తిరుగుతుంది అనుకున్నాను.

అక్కడ పాత నాణేలు కొనే బర్మావాడు ఉ మ్యింట్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. ఈ రకం కొట్టడం మానేసి నూరేళ్లు దాటిందట. వెనక గద్ద తోక కింద ఉండే చిన్న అక్షరాన్నిబట్టి ఏ టంకశాలదో తెలుస్తుందట. కొన్ని అక్షరాలకైతే జనం ఎగబడతారట. మా నాణెం మీద ఆ చోటు నున్నగా ఉంది.

"దేంతో రుద్దారు? నల్లగా వదిలేసినా బాగుండేది. ఇప్పుడిది వట్టి వెండి" అన్నాడు.

దేంతోనా? చింతపండుతో! నాణెం మీది ఆడమనిషిని లక్ష్మీదేవి అనుకుని నాయనమ్మ దేవుడి పీటమీద పెట్టింది. అప్పట్నుంచీ ప్రతి గురువారం తోముడే, శుక్రవారం పూజే. నాయనమ్మ తర్వాత అది అమ్మ పని.

ఇంటికొచ్చి అమ్మమీద అరిచాను.

"లచ్చిమిని మట్టి కొట్టుకుని ఉండమంటావేటి?" అని ఆవిడే ఎదురు తిరిగింది.

"ఆమె లక్ష్మి కాదమ్మా, అమెరికా బొమ్మ!"

"అయితే ఇన్నేళ్లూ నాను దండం ఎవులికి ఎట్టినట్టు?"

నాణెం ఆవిడ చేతిలో పెట్టేశాను.

ఇప్పుడు పెరట్లోంచి చప్పుడు వినిపిస్తోంది. బజారోళ్లు ముట్టుకున్నారని అమ్మ ఆ చీకట్లో, చెమటలు కక్కుతూ, చింతపండు నానబెట్టుకుని మళ్లీ తోముతోంది.