ఇటలీలో దొంగలుంటారు, జాగ్రత్త

విన్నిపెగ్,
ఆగస్టు 30, 2025.

చి.ల.సౌ. చరితకు,

మీ అత్తయ్య కనకదుర్గ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. మోకాళ్ళు తప్ప మిగతా ఒళ్ళంతా ఇంకా నా మాట వింటోంది. అక్కడ నార్త్ యార్క్‌లో మీరిద్దరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

చేతిలో ఫోన్ ఉండగా ఈవిడకు ఉత్తరాల పిచ్చేమిటి అనుకుంటావేమో. ఫోన్ చేస్తే తనీష్ స్పీకర్‌లో పెట్టి పక్కనే కూర్చుంటాడు. వాట్సాప్‌లో రాస్తే ఏదో యాప్‌లో వేసుకుని ఇంగ్లీషులో చదివేస్తాడు. ఈ దేశంలో పుట్టి పెరిగిన నా కొడుక్కి తెలుగు అక్షరం రాదు, నా కోడిగీతలు ఏ యాప్‌కూ లొంగవు. అత్తాకోడళ్ళు నాలుగు మాటలు చెప్పుకోవడానికి నాకు ఇదొక్కటే దారి కనబడింది. మా చెల్లెలి కూతురు మధుమిత లేబర్ డే సెలవులకు నా దగ్గరికి వచ్చింది. సోమవారం తిరిగి టొరంటో వెళుతుంది. నువ్వు పనిచేసే మందుల షాపుకే వచ్చి ఈ కవరు నీ చేతికిస్తుంది. ఇంటికి తీసుకువెళ్ళకు, అక్కడే చదువు.

పెళ్ళిరోజుకు రోమ్ తీసుకువెళుతున్నాడని మొన్న ఫోన్‌లో ఎంత సంబరంగా చెప్పావు! ఇటలీల దొంగలు ఎక్కువంట గదా అత్తయ్యా, మీరు పోయొచ్చిండ్రు కదా, జర ఏం జాగ్రత్తలో చెప్పుండ్రి అని అడిగావు. వెనకనుంచి తనీష్ నవ్వుతూ, డోంట్ స్కేర్ హర్ మామ్ అన్నాడు. అప్పుడు మాట మార్చాను. ఇప్పుడు చెబుతున్నాను, శ్రద్ధగా విను.

రోమ్‌లో టెర్మినీ అని పెద్ద రైల్వే స్టేషను ఉంది. అక్కడా, మెట్రోలోనూ ఒళ్ళంతా కళ్ళు చేసుకుని తిరగాలి. టికెట్ మిషను దగ్గర సాయం చేస్తామని వచ్చేవాళ్ళను దగ్గరికి రానివ్వకు. చేతిలో గులాబీ పెడతారు, మణికట్టుకు దారం కడతారు. మొహమాటపడి ఊరుకున్నావో, డబ్బులివ్వందే వదలరు. చిన్న రైళ్ళకు ఇచ్చే కాగితం టికెట్‌ను ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీది మిషనులో పెట్టి ముద్ర వేయించుకోవాలి. మేము టూరుకు వెళ్ళినప్పుడు ఆ సంగతి తెలియక దర్జాగా ఎక్కి కూర్చుని జరిమానా కట్టాం. మాతో వచ్చిన నా స్నేహితురాలు శాంత టీసీతో తెలుగులో పోట్లాడింది, ఆయన ఇటాలియన్‌లో తిట్టాడు, ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమైంది. చర్చిల్లోకి భుజాలు కనబడితే రానివ్వరు, చున్నీ దగ్గర పెట్టుకో. వీధి కుళాయిల నీళ్ళు నిక్షేపంగా తాగొచ్చు. కాఫీ నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. ఆపద వస్తే 112 నొక్కు. పోలీసులకైనా, అంబులెన్సుకైనా అదే నంబరు. ఈ ఒక్క నంబరు మాత్రం రాసుకోకు, బట్టీ పట్టు.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఇంకొకటుంది.

మన తెలుగువాళ్ళు పదిమంది కలిసి ఊరు కదిలితే కాగితాలన్నీ ఒకే సంచీలో పెట్టి పెద్దవాడి చేతికిస్తాం కదా. మా టూరులో ఆ పెద్దరికం యజ్ఞనారాయణ గారిది. మా అందరి పాస్‌పోర్టులూ, కార్డులూ ఒక గుడ్డసంచీలో వేసుకుని, మీరు హాయిగా ఊరు చూడండమ్మా, ఇవి నా బాధ్యత అన్నారు. మేమూ నిశ్చింతగా ఇచ్చేశాం. టూరు గైడు పిల్ల వద్దు వద్దని మొత్తుకుంది. పెద్దాయన్ని నమ్మకపోతే ఎలా అని మేమే ఆ పిల్లను కసిరాం. రెండోరోజే మెట్రో తలుపులు మూసుకునే క్షణంలో ఎవడో ఆ సంచీ లాక్కుని దిగిపోయాడు. రైలు కదిలింది. తలుపు అద్దం మీద ఆయన చేతులు అలాగే ఉండిపోయాయి.

సిటిజన్‌షిప్ ఉన్న మాకు కెనడా ఎంబసీలో త్వరగానే తాత్కాలిక కాగితాలిచ్చి పంపేశారు. శాంతది నీలాగే ఇండియన్ పాస్‌పోర్టు, కెనడాలో స్థిరంగా ఉండనిచ్చే పీఆర్ కార్డు. ఆ కార్డు లేనిదే ఎయిర్‌లైన్ వాళ్ళు కెనడా విమానం ఎక్కనివ్వరు. ముందు ఇండియా ఎంబసీలో పాస్‌పోర్టు, ఆ తర్వాత కెనడా వాళ్ళ అనుమతి పత్రం. వారాల తరబడి ఆ ఊళ్ళో ఒంటరిగా ఉండిపోయింది పాపం. ఫోన్ చేస్తే, ఇంటికి దారి తెలిసీ పోలేకపోతున్నానే దుర్గా అని ఏడ్చేది. అదీ ఇక్కడ మొగుడూ పిల్లలూ ఆమె కోసం కాళ్ళరిగేలా తిరుగుతుంటే. అలా తిరిగేవాళ్ళు లేని మనిషి గతి ఏమిటో నువ్వే ఆలోచించు.

కాబట్టి చరితా, నీ పాస్‌పోర్టు, పీఆర్ కార్డు నీ ఒంటి మీదే ఉండాలి. చొక్కా లోపల మెడకు వేలాడే సన్నని సంచీ దొరుకుతుంది, కొనుక్కో. స్నానానికి వెళ్ళినా గదిలో వదలకు. హోటల్ కౌంటర్‌లో పాస్‌పోర్టు అడుగుతారు, అది అక్కడి రూలు, వివరాలు రాసుకుని తిరిగిస్తారు. నీది నువ్వే ఇవ్వు, నువ్వే చెయ్యి చాపి తీసుకో. ఇద్దరివీ కలిపి ఎవరి చేతిలోనూ పెట్టనివ్వకు.

ఎవరి చేతిలోనూ అంటే తనీష్ చేతిలో కూడా.

మన ఇళ్ళలో మొగుడి జేబే పెళ్ళాం బీరువా. నువ్వు వచ్చిన రోజున నీ పాస్‌పోర్టు తీసుకుని దేవుడి దగ్గర పెట్టి, అట్ట మీద కుంకుమబొట్టు కూడా పెట్టాను. మంచికే అనుకున్నాను. ఇప్పుడు వాడు అన్ని డాక్యుమెంట్లూ ఒకే ఫోల్డర్‌లో పెడదామని అడుగుతున్నాడనీ, నువ్వింకా ఇవ్వలేదనీ చెప్పావు. ఇవ్వకు. అడిగితే అత్తయ్య తిట్టిందని చెప్పు, యజ్ఞనారాయణ గారి సంచీ కథ చెప్పు. పెళ్ళి సర్టిఫికెట్ కూడా అడిగాడన్నావు. మేమెవరమూ ఇటలీకి పెళ్ళి సర్టిఫికెట్లు తీసుకువెళ్ళలేదు.

ఇంకో మాట. చలికోటు బరువు, ఇంట్లోనే వదిలెయ్ అన్నాడట. కాటన్ డ్రెస్సులూ, పట్టుచీరలూ, నగలూ పెట్టుకోమన్నాడట. మీరు బయలుదేరేది అక్టోబరు చివర్లో. తిరిగొచ్చేసరికి టొరంటోలో చలి ముదిరి ఉంటుంది. కోటు తీసుకువెళ్ళు. నగలు బ్యాంకు లాకర్‌లో పెట్టు, ఆ లాకర్ నీ ఒక్కదాని పేరున ఉండాలి. నీ ఫోన్‌కు రోమింగ్ నువ్వే వేయించుకో, హాట్‌స్పాట్ ఇస్తాడులే అని ఊరుకోకు. కాగితాలన్నిటికీ ఫోటోలు తీసి మధుమితకు పంపు, పంపినట్టు ఇంట్లో చెప్పకు.

తిరుగు ప్రయాణం రోజున ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాస్ నీ చేతికి తీసుకో. దాని మీద నీ పేరు చదువు, ఏ ఊరికో చదువు. తొందరపెడితే తొందరపడకు. నీకు తెలియని ఊరి పేరుంటే, లేదా మరీ బాగా తెలిసిన ఊరి పేరుంటే, అక్కడే ఆగిపో. కౌంటర్‌లో మనిషితో గట్టిగా మాట్లాడు. నలుగురూ చూస్తారని సిగ్గుపడకు. నలుగురూ చూడటమే నీకు మంచిది.

నేను చాదస్తపు ముసల్దాన్నని నవ్వుకున్నా సరే, రాసిన ప్రతి మాటా పాటించు. మందుల షాపులో మీ మేనేజరమ్మకు నా నమస్కారాలు. క్రితంసారి పంపిన కందిపొడి అయిపోయిందన్నావు, మధుమితతో మళ్ళీ పంపుతున్నాను.

ఎక్కడున్నా నీ కాళ్ళ మీద నువ్వు చల్లగా ఉండాలని కోరుకునే

మీ అత్తయ్య
కనకదుర్గ

తా.క. ఇది ఆదివారం రాస్తున్నాను. నిన్న కవరు అంటించాను, ఈ ఉదయం చింపాను. పైన రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ నిజం కూడా లేదు.

ఎటోబికోలో ట్రావెల్స్ నడిపే అమరేశ్వరరావు గారు మీ మామయ్య ఉన్నప్పటినుంచీ మనకు తెలిసినవారు. వారం కిందట ఆయన ఫోన్ చేసి, కంగ్రాట్స్ అక్కయ్యగారూ, నానమ్మ కాబోతూ మాకు చెప్పనే లేదే అన్నారు. ఎవరు చెప్పారండీ అన్నాను. ఒకరు చెప్పాలా, అబ్బాయికేమో రోమ్ నుంచి టొరంటోకి బుక్ చేయమన్నాడు, అమ్మాయికి రోమ్ నుంచి హైదరాబాద్‌కి, అదీ వన్ వే, పురిటికి కాక ఇంకెందుకండీ అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లో కింద కూర్చుండిపోయాను.

తనీష్‌ను నిలదీశాను. ఇట్స్ నాట్ వర్కింగ్ మామ్ అన్నాడు. రోమ్ వెళ్ళాక నీకు నెమ్మదిగా చెబుతాడట. కార్డు తన దగ్గర ఉంటే నువ్వు వెంటనే తిరిగి రాలేవు కాబట్టి గొడవ ఉండదట. మీ నాన్న కొమరయ్య గారు మెతక మనిషి, ఆయన చూసుకుంటారట. చరిత వల్ల తప్పేమైనా జరిగిందా అని అడిగాను. ఏమీ లేదన్నాడు. ప్లీజ్, డోంట్ టెల్ హర్ అన్నాడు. చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టి నాన్నకు చెప్పొద్దని బతిమాలినట్టే బతిమాలాడు. ఈసారి అలాగేలే నాన్నా అనలేదు, ఫోన్ పెట్టేశాను.

అందుకే నిన్న దొంగలూ, మెట్రోలూ అని అన్ని పేజీలు నింపాను. కార్డు నువ్వే కాపాడుకునేలా చేస్తే చాలు, కొడుకు పేరు ఎత్తకుండా గండం గడుస్తుందనుకున్నాను. కవరు అంటించాక బుద్ధి వచ్చింది. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలా? టెర్మినీలో ఎంత వెతికినా నీకు ఆ దొంగ కనబడడు. వాణ్ణి ఉయ్యాలలో వేసి పేరు పెట్టింది నేనే.

చరితా, రోమ్ వెళ్ళకు. ఆ ఊరు ఎక్కడికీ పోదు, ఎప్పుడో నీ డబ్బుతో నువ్వే వెళ్ళి చూద్దువుగాని. పాస్‌పోర్టు, కార్డు, పెళ్ళి సర్టిఫికెట్ తీసుకుని మధుమిత ఇంటికి వెళ్ళు. దానికి అంతా చెప్పాను. తనీష్ చెప్పేలోపే మీ నాన్నకు నువ్వే ఫోన్ చెయ్యి. వాడి మీద కేసు పెడతావో, విడిపోతావో, మాట్లాడి చూస్తావో నీ ఇష్టం. ఏం చేసినా ఈ దేశంలో నిలబడి చెయ్యి. రేపు ఎవరైనా సాక్ష్యం అడిగితే వాడు నాతో అన్న మాటలు నేను చెబుతాను. ఆ తర్వాత వాడు నాతో మాట్లాడకపోవచ్చు. ఏడుస్తాను, కానీ చెబుతాను.

నీకు ఎటూ తోచకపోతే ఇక్కడికి వచ్చెయ్. వాడి గది సర్ది నీకు పక్క వేశాను. ఇందాకే మనిషిని పిలిపించి వీధి తలుపు తాళం మార్పించాను. కొత్త తాళంచెవులు రెండిచ్చాడు. ఒకటి ఈ కాగితం వెనక టేపుతో అంటించాను, రెండోది నా దగ్గరుంది. వాడికి లేదు.