సింగడిని విడిపించండి

రాజగోపాల్ గారికి,

మా కుక్క సింగడిని ఈ ఉదయం కుక్కల బండివాళ్లు పట్టుకుపోయారు. సాయంత్రం అయిదింటికి అన్నిటికీ సూదులు వేసి చంపేస్తారట.

వాడు మాట్లాడతాడండీ. ఎమ్మే చదివి ఇలా రాయడం సిగ్గుగానే ఉంది. శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరికి వచ్చిన మా అత్తగారు పెంచారు కనుక వాడికి తెలుగు తప్ప రాదు. రోజూ వచ్చీరాని తెలుగుతో వాడితో గిల్లీదండా ఆడే మా పండుకీ, వీధి పిల్లలకీ బండి చూడగానే కంగారులో హిందీయే వచ్చింది.

"భాగ్, సింగా, భాగ్!" అని, పారిపొమ్మంటూ అరిచారు.

"ఏటర్రా, ఏటంతన్నారు?" అని అడుగుతూ సింగడు అక్కడే నిలబడి దొరికిపోయాడు.

ఇంట్లో తెలుగు నేర్పని తప్పు నాదేనేమో.

మీరు ఆఫీసరు, షెడ్డులోకి రానిస్తారు. వెళ్లి తెలుగులో పలకరించండి. భయానికి వాడి నోరు పెగలకపోతే ఎవరు సింగడో మీకు తెలియదు. అప్పుడు దయుంచి అన్ని కుక్కల్నీ విడిపించండి.

పండు వాళ్లమ్మ