నాలుగు పేర్ల ఓడ

వాసంతీ, నేను బాగున్నాను. ఫోన్లో చెబితే నన్ను మాట పూర్తి చేయనివ్వవని, ఊరికి వస్తున్న రత్నాకర్ చేతికి ఈ కార్డు ఇచ్చాను.

ఇక్కడ గల్ఫ్‌లో, ఖోర్ ఫక్కాన్ రేవులో హిట్లర్ కాలపు యుద్ధనౌకకు రంగు గీకుతున్నాం. హోటల్ చేస్తారట. ఒక పేరు గీకితే కింద ఇంకో పేరు, మొత్తం నాలుగు. "ఇంగ్లీషోళ్లు కట్టినారు. తర్వాత మూడు దేశాల నేవీలు కొనుక్కున్నాయి. కొన్నోళ్లంతా పేరు మార్చినారు. దీని జోడీ ఓడలు మునిగిపోయినాయబ్బా, ఇది మునగలా" అన్నాడు ఫోర్‌మన్ మీరా హుస్సేన్.

పేరు మారితే గండం తప్పుతుందా, ఇనుము గట్టిదై బతికిందా? మనకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కలేదు కాబట్టి బాబును పెంట మీద పెట్టి, పక్కింటి లక్ష్మవ్వ ఎత్తుకుంటే ఆమె దగ్గర కొనుక్కుని, పెంటయ్య అని పిలుద్దామని అమ్మ అంటే కసిరాను. ఇప్పుడు కసరలేను. కాగితాల్లో రిషిత్ అనే ఉండనీ.

నీ కుట్లు మానాయా? వాడి కామెర్లు తగ్గాయా? అమ్మకు దండాలు చెప్పు.

చాటలో మెత్తటి చీర మడత వెయ్యి. కింద చీమలున్నాయేమో చూడు. లక్ష్మవ్వను ముందే వచ్చి నిలబడమను. వాడు ఏడవకముందే ఎత్తుకోవాలి.

నీ రాజమౌళి