పడవకు అమ్మోరు పోసింది

అన్నా, నువ్వు కలవరించిన తెరచాప పడవ నువ్వు పోయాక మన ఇంటికొచ్చింది. ఫైబర్ గ్లాసుది, పాతది. దేవరయాంజాల్‌లో మన కోళ్ల షెడ్డులో బోర్లించి చూస్తే అడుగంతా పొక్కులే. ఒకటి చిదిపితే పుల్లటి వాసనతో నీళ్లు కారాయి. ఏళ్ల తరబడి చెరువులోనే వదిలేశారట, తడి లోపలికి దిగింది.

అమ్మ చూసి చెంపలేసుకుంది. "అయ్యో, దీనికి అమ్మోరు పోసింది బిడ్డా! ఎవ్వరు గిల్లకుండ్రి" అని చుట్టూ వేపమండలు కట్టింది. చిన్నప్పుడు నీకూ అలాగే కట్టింది కదా. నువ్వేమో ఒంటినిండా పొక్కులతో శామీర్‌పేట చెరువుకు పారిపోయావు!

గిల్లకపోతే పడవ బాగుపడదు. ఎంత చెప్పినా వినకపోతే, చివరికి "ఇది ఆపరేషన్ అమ్మా" అన్నాను.

"ఆపరేషనా? గట్లయితే జేయి" అంది.

పొక్కులన్నీ గీకి, మంచినీళ్లతో కడిగి, ఎండాకాలమంతా ఆరబెట్టి, రెసిన్ ముద్దతో పూడ్చాను. అమ్మ రోజూ వచ్చి అరచేత్తో నిమిరి చూసేది.

ఈ పొద్దున శామీర్‌పేట చెరువులో దించాం. దించే ముందు అమ్మ పసుపు, వేపాకు కలిపిన నీళ్లు బిందెడు తెచ్చి పడవ నెత్తిన గుమ్మరించింది.

"మానినయ్. అమ్మోరు సల్లగ ఎల్లిపోయింది. ఇగ పోయి రా పెద్దోడా, జల్ది రా!" అంది, అచ్చం నిన్ను పిలిచినట్టే.

పడవకు ఏం పేరు పెట్టాలా అని ఇన్నాళ్లూ తల బద్దలు కొట్టుకున్నాను, అన్నా. అమ్మ పెట్టేసింది.