నాన్న అతికించిన వయొలిన్

చెల్లీ,

నా వేలి నొప్పి తగ్గింది, బెంగపడకండి. ఈ కార్డు నాన్నకు చదివేటప్పుడు ఒక్క ముక్క కూడా దాటెయ్యకు.

మెట్ల మీద పడి వేలూ, వయొలిన్ మెడా విరగ్గొట్టుకున్నాక నిన్నే మొదటిసారి క్లాసులో అందరి ముందూ వాయించాను. వేలు ఇంకా సరిగ్గా వంగక స్వరాలు తప్పాయి. పిల్లలు నవ్వారు. ఉక్రోషంతో, "మా నాన్న మంచాలు చేసే వడ్రంగి. ఆయన అతికించాక దీని మెడ వంకరపోయింది" అనేశాను. మేష్టారు నా వయొలిన్ తీసుకుని అదే పాట వాయించారు. ఎక్కడా అపస్వరం లేదు.

"మీ నాన్న అతుకు బ్రహ్మాండంగా ఉందమ్మా. వంకర నీ వేల్లోనే ఉంది" అన్నారు. తల కొట్టేసినట్టయింది.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత స్వరాల పుస్తకం పంపు. అమ్మకు నమస్కారాలు. నాన్నకు నేరుగా చెప్పడానికి మొహం చెల్లడం లేదు. విని ఆయన ఏమీ అనకపోతే, ఏమీ అనలేదనే రాయి.

అక్క