తిరిగిపోయిన మొగులు

ఎర్రగుంటపల్లె, హుస్నాబాద్ మీదుగా
21 మే 1965, శుక్రవారం

చిరంజీవి ముత్యంకు నీ అవ్వ దీవించి రాసే ఉత్తరం.

బిడ్డా, నీ పానం ఎట్లున్నది? బొగ్గుబాయి దిగి ఎక్కే మోకాళ్ళ నొప్పి తగ్గిందా? కోడలు కనకమ్మకు దగ్గు పోయిందా? మనుమరాలు సరోజనకు ముందరి పండ్లు వచ్చినవా? మీ పక్కింటి మునీర్ తల్లి జారిపడ్డదని రాసినావు, ఆమె కాలు అతికిందా? ఆమె మొఖం నేను చూడనే లేదు. అయినా ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచి కాలు నాకే నొస్తున్నట్టున్నది.

ఇక్కడ నేను, నీ తమ్ముడు రామచంద్రం, వాని భార్య నర్మద, వాళ్ళ ఇద్దరు ఆడపిల్లలు అందరం బాగున్నాము. బాగున్నామని రాయాలంటే దిష్టి తగులుతుందేమోనని భయం. రాయకుంటే నువ్వు భయపడతావు. అందుకే రాసినాను.

ఎప్పుడూ ఉత్తరం రాసేది నర్మద. ఇది మాత్రం ఆమెకు చెప్పకుండా నేనే రాస్తున్నాను. నువ్వు రెండో తరగతి చదివేటప్పుడు నీ పలక పక్కన కూర్చొని నేర్చుకున్న అక్షరాలివి. వంకరగా ఉంటే నవ్వకు.

నువ్వు అడిగినవాటికి జవాబు. ఎండలో నేను తిరుగుతలేను. పొద్దున అంబలి తాగుతున్నాను. చేదబావిలో నీళ్ళు అడుగంటలేదు. కొంగుకు ఉల్లిగడ్డ కట్టుకునే ఉంటున్నాను, పిల్లలు నవ్వినా సరే.

ఇక నీ పెద్ద ప్రశ్న. మూడేండ్ల నుంచి వాన రావడం చూడలేదని రాసినావు. బాయిలోకి దిగేటప్పుడు నేల పొడిగా ఉంటుందట, పైకి వచ్చేసరికి తడిసి ఉంటుందట. ఎనిమిది రోజుల సెలవు ఒక్కసారే దొరుకుతుంది, సరోజనను మన వాకిట్లో నిలబెట్టి మొగులు కమ్మేది, వాన వచ్చేది చూపించాలి, దినం నువ్వే చెప్పు అవ్వా అని అడిగినావు. ఆ ముక్క నర్మద చదువుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టినారు. నాకు ఆ పూట బువ్వ దిగలేదు. ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిక పట్టు.

ఈ ఏడు ఎండ మంచిగానే ఉన్నది. పొద్దున మొగులు కడిగిన కంచం తీరు ఉంటుంది. పగటికి తెల్లగా మండి కన్ను నిలవదు. పొద్దుగూకే ముందు పడమట మోదుగుపువ్వు రంగు తిరుగుతుంది. అప్పుడు రామచంద్రం వాకిట్లో నీళ్ళు చల్లుతాడు, నర్మద మంచాలు వాలుస్తుంది, పిల్లలు మొగులు దిక్కు చూసి అది ఏనుగు, ఇది ఎడ్లబండి అని కొట్లాడుకుంటారు. నేను మాత్రం అటు చూడను. ఎక్కడ నల్లగా ఉన్నదా అని మూలలు వెతుకుతుంటాను. ఇది నీకు తెలిసిందే.

ఈ నెల ఆరో తారీకున పగటిపూట మామిడి ఒరుగులు ఎండబోసినాము. ఒక్కసారి గాలి దుమారం లేచింది. ఊరంతా ఎండుమిరప రంగు అయింది. వెనుకనే మొగులు వచ్చింది, నిండు చూలాలు తీరు, నేలను తాకుతుందా అన్నట్టు. నర్మద ఒరుగులు ఎత్తుతూనే నవ్వుతున్నది. పిల్లలు గిన్నెలు పట్టుకొని వాకిట్లోకి ఉరికినారు. టప్పున నాలుగు వడగండ్ల రాళ్ళు పడ్డవి.

"బాపమ్మా, సూడు సూడు, పటికబెల్లం లెక్కున్నయ్!" అని పెద్దది అనసూయ అరిచింది.

అంతే. ఆ నాలుగే. మొగులు రెండుగా చీలి పక్క ఊరి మీదికి పోయింది. అక్కడ చెరువులోకి నీళ్ళు వచ్చినవట. మనకు గిన్నెల అడుగు తడవలేదు. పిల్లల మొఖాలు చూడలేకపోయినాను.

తెల్లారి బావి దగ్గర బుచ్చవ్వ అందుకున్నది. "ఎవలో రోకలి ఇసిరిన్రే వదినె! లేకుంటే నెత్తి మీదికొచ్చిన మొగులు ఊకెనే మర్లిపోతదా? గా ఇసిరిన చెయ్యి ఇరగ!"

"ఇరగాలె మరి!" అని నేను కూడా అన్నాను.

బిడ్డా, ఆ చెయ్యి నాది.

రాళ్ళు పడగానే పెరటి దిక్కు పోయి, రోకలి తీసి మొగులు కిందికి విసిరినాను. రోకలి పడితే రాళ్ళవాన ఆగుతుందని మా అవ్వ చేసేది. నా చిన్నతనంలో రాళ్ళవానకు మా బాపు తల పగిలింది. అప్పటి నుంచి మొగులు ఉరిమితే నా చేతులు నా మాట వినవు. ఇంకొకటి కూడా చెప్పాలి. నువ్వు ఏడేండ్లప్పుడు అంగి విప్పి వాకిట్లో ఎగురుతుంటే వాన ఆగిపోయింది. ఎందుకు ఆగిందవ్వా అని ఏడ్చినావు. దేవుని ఇష్టం అన్నాను. అప్పుడు కూడా విసిరింది నేనే. నెత్తి మీది మొగులు చూసి నేను ఇంత భయపడితే, నెత్తి మీద మొగులే లేని చోట నువ్వు పని చేస్తున్నావు.

ఆ దినం నుంచి ఇటు ఒక్క వానమబ్బు రాలేదు. మొగులు మన ఇంటి మీద అలిగిందేమో. నేనొక దినం చెప్పి, నువ్వు ఉన్న ఒక్క సెలవు పెట్టుకొని వస్తే, వాన రాకుంటే ఎట్లా? అందుకే ఏ దినమని రాయాలో తోచడం లేదు.

మంగళవారం, 25

పైన రాసింది బియ్యం డబ్బాలో దాచినాను. నిన్న పగటిపూట మళ్ళీ మబ్బు పట్టింది. ఉరిమింది. నా కాళ్ళు వాటంతట అవే పెరటి దిక్కు పోయినవి. రోకలి లేదు. గోడకు చూసినాను, కొట్టంలో చూసినాను, గంప కింద చూసినాను.

వెనుక నర్మద నిలబడి ఉన్నది. "ఏం దేవులాడుతున్నవ్ అత్తా? రోకలా? మొన్ననే గడ్డివాములకు దూర్చిన."

"నీకు ఎర్కనా?" అన్నాను.

"రోకలికి దుమ్మున్నది, నీ కొంగుకు దుమ్మున్నది. దుమ్ముల నీ అడుగులు నేనే ఊడ్సిన. ఎవలకు జెప్పలే, ఆయినకు గూడ. ఫికర్ జెయ్యకు. గియ్యాల జర మొగులు సూద్దాం దా" అని నా చెయ్యి పట్టుకొని తెచ్చి గద్దె మీద కూర్చోబెట్టింది.

చెయ్యి వదలలేదు బిడ్డా. వాన వచ్చినంతసేపు వదలలేదు. ముందు మట్టివాసన, తర్వాత ఇంటిమీది గూనపెంకుల మీద చప్పుడు, తర్వాత రాళ్ళు. అనసూయ ఒక రాయి తెచ్చి నా నోట్లో పెట్టింది. యాభై ఏండ్లయి ఉంటుంది నేను రాళ్ళవాన రుచి చూడక. పండ్లు జివ్వుమన్నవి. రామచంద్రం నన్ను చూసి, "అవ్వకు పానం బాగలేదా, నవ్వుతున్నది!" అన్నాడు. వాన తగ్గినాక పడమట మొగులు పసుపు రాసినట్టయింది. అందరం చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాము. నేను మొగులు మూలలు వెతకలేదు.

ఈ పొద్దున నేనే రోకలి భుజాన వేసుకొని బుచ్చవ్వ ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పినాను. నా కొడుకు వచ్చి పోయేదాకా దీన్ని నీ ఇంట్లోనే పెట్టుకో అన్నాను. ఆమె నా భుజం మీది రోకలి అందుకున్నది.

"కిష్టవ్వ వదినె, ఆ దినం నా రోకలి నేను గూడ ఇసిరిన. నా చెయ్యి నేనే ఇరగాలని తిట్టుకున్న" అన్నది. ఇద్దరం నవ్వి నవ్వి అరుగు మీద కూలబడ్డాము. రెండు రోకళ్ళు ఆమె గదిలో పెట్టి గొళ్ళెం వేసినాము.

నిన్నటిది ముందువాన, అసలు వాన మిరుగం కార్తెకే అని ముసలాయన హనుమండ్లు అంటున్నాడు. ఈసారి మిరుగం మంగళవారం పడ్డది. ఇంగువ బెల్లం కలిపి పెడతాను, సరోజనకు ఒక గిన్నె తోమి ఉంచుతాను. వాన రాకపోయినా మొగులైతే ఉంటుంది, కలిసి కూర్చుంటాము. మంగళవారం ప్రయాణం మంచిది కాదు కాబట్టి ముందు దినమే రండి. మంచిర్యాలలో రైలెక్కి పెద్దపల్లిలో దిగండి, కరీంనగర్ బస్సులో పిల్లను కిటికీ దిక్కు కూర్చోబెట్టకు. తలకు బట్ట కట్టుకో. మీ కోసం అందరం వాకిట్లోనే ఉంటాము: సోమవారం, జూన్ ఏడు, పొద్దుగూకక ముందు.

ఇట్లు,
రోకలి ముట్టనని నీ మీద ఒట్టు పెట్టుకున్న
నీ అవ్వ, కిష్టవ్వ